నర్సింగ్‌హోమ్ సహాయకులకు ప్రథమ చికిత్స, వైద్య చట్టం, నీతి నేర్పడం ఎలా?

చిన్న పట్టణంలో ఒక నర్సింగ్‌హోమ్ ముందు రాత్రి పదకొండు గంటలకు ఆటో వచ్చి ఆగిందనుకోండి. ముందు పరిగెత్తేది వార్డు బాయ్. అతను లేకపోతే ఆయా. ఆమె కూడా పైఅంతస్తులో ఉంటే, కౌంటర్లో కూర్చున్న కాంపౌండర్. డ్యూటీ డాక్టర్ దిగి వచ్చేసరికి మూడు నాలుగు నిమిషాలు గడిచిపోతాయి. ఆ నిమిషాల్లో రోగిని ఎలా పట్టుకున్నారు, బంధువులతో ఏం మాట్లాడారు, ఏ బట్టలు ఎక్కడ పడేశారు అనేవే తర్వాత ప్రాణానికీ కేసుకీ కీలకమవుతాయి. అయినా ఆ ముగ్గురికీ పద్ధతిగా నేర్పేవాళ్ళు తక్కువ. పక్కవాడిని చూసి నేర్చుకుంటారు, పక్కవాడి తప్పులతో సహా.

నేను స్టాఫ్ నర్సుగా మొదలై, తర్వాత ఇలాంటి సహాయకులకు క్లాసులు చెబుతూ వచ్చాను. మొదటి బ్యాచ్‌కి చట్టంతో మొదలుపెట్టాను. సెక్షన్ల పేర్లు బోర్డు మీద రాశాను. మూడో రోజుకి సగం మంది రాలేదు, వచ్చినవాళ్ళకి భయం తప్ప ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత వరస మార్చాను. ముందు చేతికి పని నేర్పాలి. ఆ పని చుట్టూనే నీతి, చట్టం చెప్పాలి. ఈ మూడింటినీ మూడు సబ్జెక్టులుగా విడదీస్తే వాళ్ళకి ఏదీ అందదు. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది. 10 నుంచి 15 మంది ఉన్న బ్యాచ్‌కి, ఆరు వారాలకి సరిపోతుంది.

1. ముందు పనుల చిట్టా రాయండి

క్లాసు మొదలవడానికి ముందే డాక్టర్‌తో, హెడ్ నర్సుతో కూర్చుని ఒక పెద్ద చార్టు మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో సహాయకులు సొంతంగా చేయగలిగినవి రాయండి: స్ట్రెచర్ మీదికి మార్చడం, పక్క తిప్పడం, బెడ్‌పాన్ పెట్టడం, నేర్పిన తర్వాత బీపీ, టెంపరేచర్ చూసి రాయడం, రక్తం కారుతుంటే అదిమి పట్టడం, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు రొమ్ము నొక్కి, ఊపిరి అందించడం). రెండో గడిలో సిస్టర్ ఎదురుగా ఉంటేనే చేయాల్సినవి: డ్రెస్సింగ్‌లో సాయం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం లాంటివి. మూడో గడిలో ఎవరు చెప్పినా చేయకూడనివి: ఇంజెక్షన్ వేయడం, సెలైన్ ఎక్కించడం, సెలైన్ బాటిల్లో మందు కలపడం, కుట్లు వేయడం, రిపోర్టు చూసి జబ్బు పేరు చెప్పడం, "ఈ మాత్ర వేసుకో, తగ్గిపోతుంది" అనడం.

మూడో గడి దగ్గర చాలాసేపు ఆగండి. చాలా చోట్ల ఆ పనులన్నీ వీళ్ళే చేస్తున్నారు. యజమాని ఖర్చు తగ్గించుకోవడానికి చేయిస్తాడు, వీళ్ళు గౌరవం అనుకుని చేస్తారు. అందుకే ఇక్కడ సుప్రీంకోర్టు 1998లో తీర్పు ఇచ్చిన ఒక కేసు కథలా చెబుతాను. టైఫాయిడ్‌తో ఒక చిన్న పిల్లవాడిని ఆసుపత్రిలో చేర్చారు. నర్సు నరంలోకి ఒక ఇంజెక్షన్ ఇచ్చింది. పిల్లవాడు అక్కడికక్కడే కుప్పకూలాడు. ప్రాణం దక్కింది కానీ మెదడు దెబ్బతిని మామూలు మనిషి కాలేకపోయాడు. ఆ నర్సుకి ఏ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లోనూ రిజిస్ట్రేషన్ లేదని విచారణలో తేలింది. పిల్లవాడికి పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రుల మనోవేదనకు వేరుగా 5 లక్షలు పరిహారం ఇవ్వాలన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు సమర్థించింది.

ఆ వెంటనే ఇంకో విషయం చెప్పాలి. పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే 5 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు. వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టర్ అయితే ఆ గరిష్ఠ శిక్ష 2 ఏళ్ళు. ఆ తగ్గింపు డాక్టర్‌కే. ఆయన చెప్పాడని సూది వేసిన కాంపౌండర్‌కి అది వర్తించదు. ఈ ఒక్క మాట విన్నాక క్లాసులో నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని భయంగా వదిలేయకండి. "కాబట్టి వద్దని చెప్పడం మీ హక్కు. ఎలా చెప్పాలో చివర్లో నేర్చుకుందాం" అని ముందే మాట ఇవ్వండి.

2. సమయం, చోటు

మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఓపీ ఖాళీగా ఉంటుంది. ఆ సమయంలో వారానికి మూడు రోజులు పెట్టుకోండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి పాఠం చెప్పకండి, వాళ్ళకి వేరే రోజు పెట్టండి. క్లాసుకి వచ్చిన గంటలు డ్యూటీ గంటలుగా లెక్క కట్టమని యజమానితో ముందే ఒప్పించుకోండి. జీతం కోసి నీతి నేర్పితే ఎవరూ వినరు. బల్లలు వద్దు, నేల మీద చాప చాలు. సగం క్లాసు మోకాళ్ళ మీదే జరుగుతుంది.

3. సీపీఆర్‌తో మొదలుపెట్టండి

శిక్షణ బొమ్మ ఉంటే మంచిదే. లేకపోతే బియ్యం సంచిలో పాత బట్టలు గట్టిగా కుక్కి కుట్టండి. నొక్కే లోతు అందులో సరిగ్గా తెలియదు కానీ చేతులు పెట్టే తీరు, లయ బాగా వస్తాయి.

నేర్పే వరస ఇది. మనిషి పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అని పది సెకన్లలోపు తేల్చుకోవాలి. ఎగశ్వాసలా అప్పుడప్పుడు నోరు తెరుస్తుంటే అది ఊపిరి కాదని ప్రత్యేకంగా చెప్పండి, అక్కడే ఎక్కువ మంది పొరపాటు పడతారు. వెంటనే కేకేసి డాక్టర్‌ని, క్రాష్ ట్రాలీని (అత్యవసర మందులు, పరికరాలు ఉన్న బండి) రప్పించాలి. మెత్తటి పరుపు మీద నొక్కితే పరుపే లోపలికి పోతుంది, కాబట్టి వీపు కింద గట్టి పలక పెట్టాలి. రొమ్ము ఎముక కింది సగం మీద మణికట్టు దగ్గరి అరచేయి ఆనించి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ రొమ్ము పూర్తిగా పైకి లేవనివ్వాలి. 30 సార్లు నొక్కాక, చేత్తో పిండి ఊపిరి పంపే అంబు బ్యాగ్‌తో రెండు ఊపిరులు. రెండు నిమిషాలకు మనిషి మారాలి.

లెక్క విషయంలో ఒక చిన్న మెలకువ ఉంది. తెలుగులో పది దాటితే అంకెలు పొడవవుతాయి. "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" అని పలికేసరికి చేయి నెమ్మదిస్తుంది. నేను చాలామంది వేగం ఇక్కడే పడిపోవడం చూశాను. అందుకే ఒకటి నుంచి పది దాకా మూడుసార్లు లెక్కపెట్టిస్తాను. ఫోన్లో మెట్రోనోమ్ యాప్‌ని 110 దగ్గర పెట్టి పక్కన ఉంచితే ఇంకా మంచిది.

సీపీఆర్ వచ్చాక అదే రోజు ఆక్సిజన్ సిలిండర్ డ్రిల్ చేయించండి. పంజాబ్‌లోని ఒక ఆసుపత్రిలో 1995లో ఒక రాత్రి ఒక రోగికి ఊపిరి ఆడలేదు. తెచ్చిన సిలిండర్ ఖాళీగా ఉందనీ, పక్క గది నుంచి ఇంకోటి తెస్తే దాన్ని పనిచేయించే ఏర్పాటు లేదనీ, ఐదు నుంచి ఏడు నిమిషాలు అలాగే పోయాయనీ ఫిర్యాదు. రోగి చనిపోయాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2005లో వచ్చిన జాకబ్ మాథ్యూ తీర్పు అదే. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవదని కోర్టు కొట్టేసింది, సిలిండర్ లేకపోవడానికి ఆసుపత్రికి సివిల్ బాధ్యత ఉండవచ్చని చెప్పింది. వైద్య నిర్లక్ష్యం గురించి లాయర్లు ఇప్పటికీ ఎత్తి చూపే తీర్పు అది. దాని వెనక ఉన్నది ఒక ఖాళీ సిలిండర్. షిఫ్టు మారిన ప్రతిసారీ మీటర్ చూడటం, వాల్వ్ తెరిచే స్పానర్ సిలిండర్‌కే తాడుతో కట్టి ఉంచడం, సంతకం చేయడం మీ క్లాసులో సహాయకుల పని. ఇలా చెబితే చట్టం అనేది కోర్టులో ఉండే వస్తువు కాదని వాళ్ళకే అర్థమవుతుంది.

4. మన ఊళ్ళకి వచ్చే ప్రమాదాలు

విదేశీ పుస్తకాల్లోని మంచుకాటు పాఠం మనకెందుకు? మన దగ్గరికి వచ్చేవి పాముకాటు, పురుగుల మందు, కాలిన గాయాలు, ఫిట్స్, కుక్కకాటు, బండి ప్రమాదాలు. వీటిలో ప్రతిదానికీ ఇంటి దగ్గర ఒక తప్పు వైద్యం ముందే జరిగి ఉంటుంది. ఆ తప్పుని ఎగతాళి చేయకుండా సరిదిద్దడం నేర్పాలి.

పాముకాటుకి ఎక్కువ సమయం ఇవ్వండి. కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. మెట్టెలు, ఉంగరాలు, కాలి పట్టీలు తీసేసి, కాలినో చేతినో బద్ద కట్టి కదలకుండా ఉంచాలి, నడిపించకూడదు. బంధువులు గట్టిగా బిగించిన తాడుతో తీసుకొస్తే సహాయకులు ఆత్రంగా విప్పకూడదు. డాక్టర్ వచ్చి, విరుగుడు సిద్ధం చేసుకున్నాకే విప్పాలి, లేకపోతే విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోవచ్చు. కట్లపాము గురించి విడిగా చెప్పండి. అది తరచూ రాత్రి, నేల మీద నిద్రపోయేవాళ్ళని కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో వస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. "రాత్రి నేల మీద పడుకున్నారా?" అని అడగడం కౌంటర్లో కూర్చున్నవాడు నేర్చుకుంటే ఒక ప్రాణం నిలబడుతుంది. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే, కాబట్టి పాముని చంపి తెమ్మని ఎవరినీ పంపక్కర్లేదు.

పురుగుల మందు తాగినవాళ్ళకి ఉప్పునీళ్ళు పట్టించి వాంతి చేయించడం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చు. గ్లౌజులు వేసుకుని, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, తడిసిన బట్టలు తీసేసి ఒంటిని సబ్బుతో కడగాలి. డబ్బా తెమ్మని బంధువుల్లో ఒకరిని పంపాలి. కాలినచోట 20 నిమిషాలు ధారగా నీళ్ళు పడనివ్వాలి. పేస్టు, ఇంకు, ఐసు వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయాలి. ఒంటికి అతుక్కున్న చీరని లాగకూడదు. ఫిట్స్ వచ్చినప్పుడు తాళాల గుత్తి, నోట్లో చెంచా రెండూ పనికిరావు. పక్కకి తిప్పి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే అత్యవసరం. కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బు, ధారగా నీళ్ళు. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు.

5. గేటు దగ్గర మాట

ఇప్పుడు పైన చెప్పినవాటిలో బండి ప్రమాదాన్ని తీసుకోండి. పాత్రలు పంచండి. ఒకరు గాయపడినవాడు, ఒకరు తీసుకొచ్చిన దారిన పోయేవాడు, ఒకరు కౌంటర్ మనిషి. కౌంటర్లోని వాడు దాదాపు ప్రతిసారీ "ఇది పోలీసు కేసు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అనే అంటాడు. అక్కడ ఆపి పర్మానంద్ కటారా కేసు చెప్పండి. కారు గుద్దిన ఒక స్కూటర్ మనిషిని దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తే, మెడికో లీగల్ కేసులు (పోలీసులకు తెలపాల్సిన కేసులు) చూసేది ఇక్కడ కాదని దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని ఇంకో ఆసుపత్రికి పంపారు. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో వచ్చిన ఆ వార్త మీద వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 1989లో తేల్చి చెప్పింది: సర్కారీ అయినా ప్రైవేటు అయినా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాత. కోల్‌కతా దగ్గర రైల్లోంచి పడిన హకీమ్ షేక్ కేసు కూడా చెప్పండి. 1992లో "బెడ్లు లేవు" అని ఒకదాని తర్వాత ఒకటి సర్కారు ఆసుపత్రులు తిప్పి పంపాయి. 1996లో కోర్టు అతనికి 25 వేలు పరిహారం ఇప్పించింది.

గాయపడినవాడిని తెచ్చిన మనిషిని పేరు, ఫోన్ నంబర్ ఇమ్మని బలవంతం చేయకూడదు, డబ్బు కట్టమనకూడదు. అలా సాయం చేసినవారికి మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అత్యాచారం, యాసిడ్ దాడి బాధితులకు ఏ ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి, పోలీసులకు చెప్పాలి. 18 ఏళ్ళు నిండని అమ్మాయి గర్భంతో వస్తే సహాయకులు ఎవరితోనూ చర్చించకుండా నేరుగా డాక్టర్‌కి చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి.

తర్వాత బట్టల పాఠం. కత్తిపోటు, కాలిన గాయం, అనుమానాస్పద కేసుల్లో ఆయా శుభ్రం చేద్దామని బట్టలు ఉతికేస్తుంది, లేదా చెత్తలో పడేస్తుంది. మంచి మనసుతోనే చేస్తుంది, సాక్ష్యం పోతుంది. చొక్కా కత్తిరించాల్సి వస్తే చిరుగు మీదుగా కాకుండా పక్కగా కత్తిరించాలని, నీడలో ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టి పేరు, తేదీ, సమయం రాయాలని, సిస్టర్‌కి అప్పగించి సంతకం తీసుకోవాలని పాత బట్టలతో చేసి చూపించండి.

6. వేలిముద్ర

"ఆ ముసలమ్మతో వేలిముద్ర వేయించుకు రా" అని సహాయకులకే చెబుతారు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఏమందో వాళ్ళకి తెలియాలి. ఒక పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకి, బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. పరీక్షకి ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కి చెల్లదని, స్పృహ వచ్చాక ఆమెనే అడగాల్సిందని కోర్టు చెప్పింది. కాబట్టి సహాయకుడి నియమం సూటిగా ఉండాలి. డాక్టర్ వివరించాక సాక్షిగా నిలబడవచ్చు. "ఇందులో ఏముంది నాయనా?" అని రోగి అడిగితే, కాగితం వెనక్కి తెచ్చి "సార్, ఆమెకి అర్థం కాలేదు, ఒకసారి చెప్పండి" అనాలి. ఖాళీ ఫారం మీద వేలిముద్ర ఎప్పుడూ తీసుకోకూడదు.

7. ఊరంతా చుట్టాలే అయినప్పుడు రహస్యం

నేర్పడంలో నాకు ఎక్కువ కష్టమైంది ఇదే. పట్నంలో రోగి ఎవరో తెలియదు. చిన్న ఊళ్ళో ఆయా సాయంత్రం కుళాయి దగ్గరికి వెళ్తే పక్కింటి పిన్ని "మీ ఆసుపత్రికి ఫలానా వాళ్ళ కోడలు వచ్చిందట, ఏమైంది?" అని అడుగుతుంది. చెప్పకపోతే పొగరంటారు. నేను పనిచేసిన ఒకచోట అలా జారిన మాట వల్ల ఒక అమ్మాయి పెళ్ళి ఆగిపోయింది. చెప్పినామెకి చెడ్డ ఉద్దేశం లేదు. అడిగితే చెప్పింది, అంతే.

కాబట్టి "చెప్పకూడదు" అని నేర్పితే సరిపోదు, ఏం అనాలో నేర్పాలి. "పిన్నీ, రేపు నీకు బాగోలేకపోయినా నీ సంగతి ఎవరికీ చెప్పను. వాళ్ళ సంగతీ అంతే." ఈ మాట ప్రతి ఒక్కరితో వాళ్ళ సొంత యాసలో పలికించండి. నవ్వుతూ పలకడం వచ్చేదాకా వదలకండి.

హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం స్పష్టంగా ఉంది: ఆ వ్యక్తి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు, వివక్ష చూపకూడదు. మంచం మీద ఎర్ర గుర్తు పెట్టడం, కేస్ షీట్ పైన పెద్ద అక్షరాలతో రాయడం ఆపించండి. గ్లౌజులు అందరికీ ఒకేలా వేసుకుంటే గుర్తు అవసరమే ఉండదు. స్కానింగ్ గది దగ్గర పనిచేసేవాళ్ళకి పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన 1994 చట్టం గురించి చెప్పాలి. మాటతోనే కాదు, సైగతో కూడా ఆడ, మగ చెప్పకూడదు. "లడ్డూలు తెండి" అనడం కూడా చెప్పడమే. వార్డులో సెల్ఫీలు, గాయాల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టడం పూర్తిగా నిషేధించండి.

కాన్పు కాగానే అడిగే మామూలు గురించి కూడా దాచకుండా మాట్లాడండి. మగబిడ్డకి ఇంత, ఆడబిడ్డకి ఇంత అని రేటు ఉండటం ఆ తల్లిని మొదటి గంటలోనే కించపరచడం. అయితే జీతం చాలక అడుగుతున్నారని మర్చిపోవద్దు. ఈ పాఠం చెప్పిన రోజే యజమానితో జీతాల మాట ఎత్తండి.

పిలుపు కూడా నీతే. "ఏయ్ మూడో నంబర్ బెడ్" కాకుండా అమ్మా, అయ్యా, తాతా, అవ్వా అని పిలవాలి. ఆడవాళ్ళకి డ్రెస్ మార్చేటప్పుడు తెర లాగాలి, మగ వార్డు బాయ్ ఒంటరిగా ఉండకూడదు.

8. చెత్త, సూదిపోటు

దీనికి ఒక్క క్లాసు చాలు. ఆసుపత్రి చెత్త మీద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు, శరీర భాగాలు పసుపు సంచిలో. సెలైన్ గొట్టాలు, గ్లౌజులు, సూది తీసిన సిరంజీలు ఎరుపులో. సూదులు, బ్లేళ్ళు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. గాజు నీలంలో. సూదికి మళ్ళీ మూత పెట్టొద్దు. గుచ్చుకుంటే పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే చెప్పాలి, ఎందుకంటే హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. తిడతారని దాచిపెట్టేవాళ్ళే ఎక్కువ. తిట్టబోమని యజమానితో అందరి ముందు చెప్పించండి.

9. "నేను చేయకూడదండి" అనడం

మొదటి రోజు ఇచ్చిన మాట ఇక్కడ తీర్చాలి. డాక్టర్‌ని క్లాసుకి పిలవండి. ఆయనే చిరాకుగా "ఆ ఇంజెక్షన్ వేసెయ్ రా" అనాలి. సహాయకుడు చేతులు కట్టుకోకుండా, గొంతు పెంచకుండా "సార్, నాకు అది చేయడానికి అనుమతి లేదు, సిస్టర్‌ని పిలుస్తాను" అని వెంటనే కదలాలి. కాదనడంతో పాటు పని జరిగే దారి చూపించడం ముఖ్యం, అప్పుడు ఎవరికీ కోపం రాదు. మొదటిసారి చాలామందికి నోరు పెగలదు. మూడోసారికి వస్తుంది. డాక్టర్ ఎదురుగా నవ్వి "అలాగే" అనడం వాళ్ళు కళ్ళారా చూడాలి. అందుకే ఈ క్లాసు డాక్టర్ లేకుండా పెట్టకండి.

10. పరీక్ష

రాత పరీక్ష వద్దు, కొందరికి చదవడం రాదు. ఒక్కొక్కరికీ ఒక ఘటన చెప్పి చేయించండి. ఉదాహరణకు, పురుగుల మందు తాగిన అమ్మాయి, ఏడుస్తున్న తల్లి, వీడియో తీస్తున్న మేనమామ, మీరు ఒక్కరే ఉన్నారు. పక్కకి తిప్పారా, గ్లౌజులు వేసుకున్నారా, వీడియో ఆపించారా, డబ్బా అడిగారా, బట్టలు భద్రం చేశారా, ఎవరిని పిలిచారు అని చూడండి. చేతిలోని నైపుణ్యం కొన్ని నెలల్లోనే జారిపోతుంది కాబట్టి మూడు నెలలకోసారి, చెప్పకుండా, రాత్రి షిఫ్టులో డ్రిల్ పెట్టండి. తప్పులు అందరి ముందు ఎత్తి చూపకండి, అక్కడే మళ్ళీ ఒకసారి సరిగ్గా చేయించండి. అయ్యాక సిలిండర్ మీటర్ చూపించి, స్పానర్ తాడు ముడి లాగి చూసి, రిజిస్టర్లో వాళ్ళ సంతకం కింద మీ సంతకం కూడా పెట్టి బయల్దేరండి.